చప్పుడు చేయని పెట్టె

చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసే ఆవిడను అందరూ రేడియో టీచరు అనేవారు. ఉద్యోగ విరమణ తర్వాత పడకగది మూలలో మైకు పెట్టుకుని పదకొండేళ్లుగా చదువుతూనే ఉంది. ఒకరోజు ఆమె హార్డు డిస్కు టిక్కుటిక్కుమని మూలిగి మూగబోయింది. భూగోళం పుస్తకం మొత్తం, చరిత్రలో సగం దాంతోపాటే పోయాయి. రెండు రోజులు ఆమెకు ముద్ద దిగలేదు.

మూడో రోజు తన చిన్న తోడికోడలికి ఫోన్ చేసింది. చిన్నావిడకు కంప్యూటర్లు బాగుచేసే పని. పెళ్లిళ్లలో పలకరింపులే తప్ప ఇద్దరి మధ్యా పెద్దగా రాకపోకలు లేవు.

"ఫైళ్లు దాచే సర్వర్ రెడీమేడ్‌గా కొంటే జేబుకు చిల్లే అక్కా. మనమే బిగించుకుందాం. ఆదివారం వస్తా," అంది చిన్నావిడ.

పాత కంప్యూటర్ల దుకాణంలో యజమాని రంగురంగుల లైట్లున్న పెద్ద పెట్టెను ముందుకు తోశాడు. ఎనిమిది డిస్కులు పడతాయట.

"ఊరందరి గొంతులూ దాచాలా ఏంటండీ ఇందులో?" అంటూ చిన్నావిడ, ఆఫీసులవాళ్లు తీసేసిన చిన్న కంప్యూటర్ల వైపు తిరిగింది. "మన పనికి ఇవి చాలక్కా. కరెంటూ తక్కువే తాగుతాయి."

టీచరు ఒక్కోదాన్నీ ఆన్ చేయించి చెవి ఆనించింది.

"గుండె కొట్టుకుంటోందామ్మా?" దుకాణదారు నవ్వాడు.

"నా మైకు పక్కనే ఉండాలి నాయనా. ఇది గురక పెడితే పిల్లలు పాఠం వినాలా, గురక వినాలా?"

మూడోది నడుస్తోందో లేదో కూడా తెలియలేదు. అదే ఖాయం చేసింది.

పేచీ డిస్కుల దగ్గర వచ్చింది. సగం ధరకే వాడిన డిస్కులు కనబడగానే టీచరు చెయ్యి అటు పోయింది. చిన్నావిడ ఒకదాన్ని తగిలించి తెర మీద అంకె చూపించింది. నలభై వేల గంటలు!

"నాలుగున్నరేళ్లు రెప్ప వేయకుండా తిరిగిందక్కా ఇది. పెట్టె చెడితే ఇంకోటి తెచ్చుకుంటాం. నీ గొంతు పోతే మళ్లీ నువ్వే చదవాలి."

టీచరు మొహం ముడుచుకుంది. అయినా భూగోళం గుర్తొచ్చి, కొత్తవే రెండు తీసుకుంది. ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ పడుతుందని చిన్నావిడ చెప్పింది.

ఇంటికొచ్చి బల్ల మీద మరలన్నీ టీచరు చేతే బిగించింది చిన్నావిడ. ఆన్ చేస్తే తెర మీద ఒక్క డిస్కే కనబడింది. ఆపేసి టీచరు ఒక్కో తీగా తడుముతూ పోతే, ఒకటి వదులుగా తగిలింది. గట్టిగా నొక్కింది. ఈసారి రెండూ కనబడ్డాయి.

పెన్‌డ్రైవుల్లో మిగిలిన పాఠాలన్నీ అందులోకి ఎక్కేసరికి సాయంత్రమైంది. చిన్నావిడ కంప్యూటర్ ఆపి, కావాలనే ఒక డిస్కు తీగ పీకి, మళ్లీ ఆన్ చేసింది. కాసేపటికి మిగిలిన డిస్కులోంచి టీచరు గొంతు ఎక్కడా తడబడకుండా లెక్కల పాఠం చెప్పసాగింది.

"నేనేనా ఇది!" అంటూ టీచరు కుర్చీలో కూలబడి నవ్వింది.

"రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి కదా, అదొక్కటే నాకు బెంగ. నెలకోసారి వచ్చి ఇంకో కాపీ మా ఇంటికి పట్టుకెళ్తా," అంటూ చిన్నావిడ పీకిన తీగను మళ్లీ తగిలించింది.

"రా, కానీ ఊరికే రాకు. పాఠం చివర ప్రశ్నలుంటాయే, అవి రెండో గొంతులో వస్తే పిల్లలకు బాగుంటుంది."

"నా గొంతా? కాకిలా ఉంటుందక్కా!"

టీచరు అప్పటికే భూగోళం మొదటి పేజీ తెరిచి, ఇంకో కుర్చీ మైకు దగ్గరికి లాగింది.