ఒక్క సెకను ముందు పోసిన నీళ్లు

వెర్లిన్ టేటమ్ ఇరవై మూడేళ్లుగా పైన్ రిడ్జ్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సామాను చూసుకుంటున్నాడు. హెల్మెట్లకు మరలు బిగించడం, బురద చొక్కాలు ఉతికించడం, ఎవరికి దాహమేసినా నీళ్లు పట్టుకుని పరుగెత్తడం అతని పని. పదో తరగతిలోనే బడి మానేసినవాడికి కాలేజీవాళ్లు ఇంతకంటే ఏం కుర్చీ వేస్తారని తనే అంటాడు. ఎవరైనా అయ్యో అనబోతే, "నీ జాలి నీ దగ్గరే ఉంచుకో, ఆ టేపు ఇటు పడెయ్" అని కసురుతాడు.

అలాంటి మనిషికీ ఒక కోరిక ఉంది. పెద్ద ఆట గెలిస్తే కుర్రాళ్లు కోచ్ నెత్తిన డబ్బాడు ఐసునీళ్లు గుమ్మరిస్తారు. ఆ డబ్బా నింపేది వెర్లినే. కానీ సీజన్ ముగిశాక ఆడే బౌల్ ఆటల్లో అతని హయాంలో జట్టు ఐదుసార్లు దిగింది, ఐదుసార్లూ ఓడింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బౌల్ గెలిచిన కోచ్ ఆ నీళ్లలో తడవడం చూడాలి.

ఈసారి పిలుపు లూజియానాలో జరిగే చిలగడదుంప బౌల్‌కి వచ్చింది. కప్పు కూడా బంగారు పూత పూసిన చిలగడదుంపే. ఆరు గెలిచి ఆరు ఓడిన జట్టుకి దుంప కాక కిరీటం ఇస్తారా అని వెర్లిన్ బస్సెక్కేటప్పుడే ఈసడించాడు. అయినా డిసెంబరు ఎండలో ఆట చివరి నిమిషానికి వచ్చేసరికి, పైన్ రిడ్జ్ ఇరవై నాలుగు, కాల్డర్ స్టేట్ ఇరవై రెండు.

"మిస్టర్ వెర్లిన్, ఎత్తేద్దామా?" అన్నాడు ఒడెల్. నూట నలభై కిలోల ముందువరస ఆటగాడు. డబ్బా చెవి అప్పటికే పట్టుకుని ఉన్నాడు.

"ముట్టుకున్నావంటే ఆ చెయ్యే ఐసులో పెడతా. గడియారంలో సున్నాలు పడాలి. నేను ఊఁ అనాలి."

"మీరు ఊఁ అనేలోపు నాకు పెళ్లై పిల్లలు పుడతారు."

"నిన్ను చేసుకునేదెవరురా, ఎద్దూ!"

కాల్డర్ స్టేట్ ఆఖరి బంతి విసిరింది. అది ఎవరి చేతికీ చిక్కక నేల మీద పడింది. వెర్లిన్ స్కోరుబోర్డు వంక చూశాడు. సున్నా, సున్నా, సున్నా.

"ఊఁ!"

ఒడెల్, ఇంకో ఇద్దరూ డబ్బా ఎత్తారు. కోచ్ హార్గెట్ వెనక్కి తిరిగేలోపు నెత్తిన ఐసు దబదబా రాలింది. అరవై రెండేళ్ల కోచ్ కోడిపిల్లలా కీచుమన్నాడు. కుర్రాళ్లు కేకలు వేస్తూ మైదానంలోకి పడ్డారు.

అప్పుడే ఈల మోగింది. రిఫరీ చెయ్యి అడ్డంగా ఊపాడు. బంతి నేలను తాకేటప్పటికి ఇంకా ఒక సెకను ఉందట. గడియారం వెనక్కి తిప్పమన్నాడు. ఆట అవకముందే మైదానంలోకి వచ్చినందుకు పైన్ రిడ్జ్‌కి పదిహేను గజాల శిక్ష వేశాడు. అందాకా కాల్డర్ స్టేట్ కాలికి అందని గోలు స్తంభాలు ఇప్పుడు అందే దూరానికి వచ్చాయి. తన్నిన బంతి వాటి మధ్య నుంచి పోతే వాళ్లకి మూడు పాయింట్లు. ఆట వాళ్లది.

"ఎవడ్రా పొయ్యమన్నది?" కోచ్ పళ్లు టకటకలాడుతున్నాయి.

ఒడెల్ నోరు విప్పబోయాడు. వెర్లిన్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "నేనే కోచ్. రిఫరీ వంక చూడలేదు. గడియారాన్ని నమ్మాను."

"ఇరవై మూడేళ్లు ఆగినవాడివి, ఈ ఒక్క సెకను ఆగలేకపోయావా?"

చూసీ చూసీ తనే ఓడగొట్టాడు. ఆరోసారి.

కాల్డర్ స్టేట్ తన్నుడుగాడు రెండడుగులు వేసి తన్నాడు. బంతి గిరగిరా తిరుగుతూ తిన్నగా వెళ్లింది. వెర్లిన్ కళ్లు మూసుకున్నాడు. ఠంగ్ మని స్తంభాల మధ్య అడ్డకమ్మీ మోగింది. తరవాత తమ వైపు జనం అరుపు. కళ్లు తెరిచేసరికి బంతి కమ్మీ దాటక మైదానం లోపలికే పడి దొర్లుతోంది. రిఫరీ రెండు చేతులూ అడ్డంగా ఊపి, ఆట అయిపోయిందన్నాడు.

గెలిచారు. ఒడెల్ ఖాళీ డబ్బా బోర్లించి చూశాడు. చుక్క లేదు.

"ఇందాకటిది చాల్లే," అన్నాడు వెర్లిన్ నేల చూస్తూ.

"చాలదు." వెనక ఆడగొంతు. కాల్డర్ స్టేట్ సామాను చూసే ఓపల్, చక్రాల బండి మీద నిండు డబ్బా తోసుకొస్తోంది. రంగు పూసిన ముఖం, ఏడ్చిన కళ్లు. "నువ్వు పోసింది ఆట అవకముందు. అది లెక్కలోకి రాదు. మావాళ్లకి దీంతో పని లేదు కదా, తీసుకో. డబ్బా మాత్రం తిరిగియ్యి, నా సంతకం మీద తెచ్చింది."

"ఓడి కూడా నీళ్లిస్తావా తల్లీ?"

"గడ్డికి పొయ్యడం కంటే నయం. పట్టు, నడుం పోతోంది."

ఒడెల్ ఒక చెవి పట్టాడు. రెండోది పట్టబోయిన కుర్రాణ్ణి వెర్లిన్ మోచేత్తో పక్కకి నెట్టి తనే పట్టాడు. తువాలు చుట్టుకుని వణుకుతున్న కోచ్ హార్గెట్ వీళ్లని చూసి, అప్పుడే చేతికిచ్చిన బంగారు చిలగడదుంప చంకన పెట్టుకుని పరుగందుకున్నాడు.

"వెర్లిన్! దగ్గరికి వచ్చావంటే నీ ఉద్యోగం ఊడుతుంది!"

"ఊడనీ కోచ్!" వెర్లిన్ రొప్పుతూ అరిచాడు. "ఒడెల్, కుడివైపు తిరుగు, కుడివైపు! ముసలాడు తప్పించుకుంటున్నాడు!"