తెలుగులో అడగని ఫోను

నిరుడు ఎవరో పంపిన లింకును నేను నొక్కడంతో, తుడియలూరులోని మా పంపుల వర్క్‌షాపులో కంప్యూటర్లన్నీ లాక్ అయిపోయాయి. అప్పుడే ఓనరు సుందరమూర్తి ఒక కట్టడి పెట్టారు. ఊరంతా తమిళమే అయినా, ఫోనులో పాస్‌వర్డ్ అడిగేవాళ్లు ఎవరైనా మా ఇళ్లలో మాట్లాడే తెలుగులోనే అడగాలి. ఆ యాస దొంగలకు రాదు.

నిన్న కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. గొంతు ఓనరుదే, కానీ పాస్‌వర్డ్ తమిళంలో అడిగారు.

"తెలుగులో అడగండన్నా" అన్నాను.

తమిళంలోనే తిట్టారు. ఫోను పెట్టేశాను.

సాయంత్రం ఆయనే వచ్చి మండిపడ్డారు.

"పళని బస్సులో పక్కాయన ఫోను అడిగి చేస్తిని, నలుగురి నడుమ తమిళమే వచ్చేసె ముత్తులక్ష్మీ. నా గొంతు తెలియలేదా నీకు?"

"తెలిసిందన్నా. తెలిసే పెట్టేస్తిని. ఈ పొద్దు మీ గొంతని పాస్‌వర్డ్ చెప్పేస్తే, రేపు మీ గొంతుతో మాట్లాడే దొంగకూ చెప్పేస్తా."