ఆగ్నేయం గోడలు

పై వాటా అలివేలుమంగ శవాన్ని దుప్పట్లో చుట్టి దించుతుంటే మునెమ్మ కళ్లారా చూసింది. పట్టపగలు మూడో అంతస్తులో మంటలు లేస్తే, ఫైరింజను గేటు కాడే నిలబడిపోయింది. బిల్డింగు చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలో వంటిళ్లు కట్టి ఉంటే బండి ఎట్లా దూరుద్ది?

నాలుగో రోజు గోడకు నోటీసు అంటించారు. వారంలో ఖాళీ చెయ్యాలంట, సీలు వేస్తారంట. అందులో ఇళ్లు కొన్నోళ్ల పేర్లే ఉన్నాయి. కట్టినోడి పేరు మచ్చుకైనా లేదు!

చూలైలోని ఆ బిల్డింగు జనమంతా మేడ మీద చేరారు. బిల్డరు వెంకటాచలం చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"నన్నంటే ఏం లాభంమా? ఆగ్నేయంలో వంటిల్లు కావాలని అడిగింది మీరే గదా?"

నిజమే మరి. కొనేముందు ప్రతివాళ్లూ వాస్తు సిద్ధాంతిని తెచ్చుకున్నారు గానీ, ప్లాను అడిగిన పాపాన పోలేదు. ఆగ్నేయంలో వంటిల్లు మొదట అడిగింది మునెమ్మే. ముప్పయ్యేళ్లు జాకెట్లు కుట్టి కొనుక్కున్న ఇల్లు, వేరే నీడ లేదు.

"కింద వాటాలకు సీలు పడకుండా నేను చూసుకుంటా," అన్నాడు వెంకటాచలం మెల్లగా. అంతే, కిందోళ్లు పైనోళ్ల మొహం చూడటం మానేశారు. చూశారా వాడి తెలివి!

మునెమ్మ లేచింది. "అడిగింది నేనే అబ్బయా, తప్పే. రూలు తెలిసుండీ గోడ జరిపిందెవరు? అంతా సరిగ్గా ఉండాదని సంతకం పెట్టిన ఆఫీసరెవరు? ఈరోజు పైనోళ్లని తోస్తారు. రేపు కిందోళ్లని వదుల్తారా?"

కింద వాటా దామోదరం లేచి ఆమె పక్కకొచ్చాడు. "మా ఇంట్లో సమ్మెట ఉండాది అక్కా. మన గోడలు మనమే కొట్టి ఫైరింజనుకు దారిద్దాం. ఆ ఇటుకలు వాడి గుమ్మంలోనే పోద్దాం."

తెల్లారి ఎవరి వంటిల్లు వాళ్లే పగలగొట్టుకున్నారు. ఏడుస్తూనే కొట్టారు. ఇటుకలు నెత్తికెత్తుకొని చింతాద్రిపేటకు నడిచారు. ఆడ వెంకటాచలం కొత్త బిల్డింగుకు భూమిపూజ. గేటు నిండా ఇటుకలు పోశారు.

"ఇవి మా వంటిళ్లు! వీటివల్లే ఒక మనిషి కాలి చచ్చింది. చూసి కొనుక్కోండి!" అని అరిచింది మునెమ్మ.

పోలీసులు ఆమె రెక్క పట్టుకొని వ్యానెక్కించారు. భయపడింది. అయినా నోరు మూయలేదు. దామోదరం వాళ్లు వ్యానుకు అడ్డంగా కూర్చున్నారు.

ఫ్లాటు కొనడానికి పట్టుచీర కట్టుకొచ్చిన నివేదిత, పూజపళ్లెం పట్టుకొని వెంకటాచలం ముందుకొచ్చింది.

"ప్లాను చూపించండి సార్."

"పూజ కానీమా, తర్వాత చూద్దాం."

"ముందు ప్లాను."

ఆయన పంతులు వైపు తిరిగి పూజ కానిమ్మన్నాడు. ఆమె పళ్లెం నేల మీద పెట్టి, పోయి దామోదరం పక్కన కూర్చుంది. కొనడానికొచ్చిన మిగతావాళ్లు ఒకరొకరే ఆమె వెనక నడిచారు.