ఇసుక కుంపటి

ఉప్పెన వెళ్ళిన కొన్ని నెలలకు కంట్రాక్టరు నరసింహం అవనిగడ్డ దగ్గర మా శిబిరానికి లారీ వేసుకుని వచ్చాడు. రేకుల షెడ్డు ముందు మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. పేర్లు అడగలేదు. ఏ పని వచ్చో అడగలేదు.

"మీలో శవాలు మోసినవాళ్ళెవరు?" అన్నాడు.

మేము చేతులెత్తాం. మోసినవాళ్ళకు ప్రభుత్వం ఏదైనా ఇస్తుందేమో అనుకున్నాం. రాఘవమ్మ కూడా ఎత్తింది. మొగుణ్ణి, కొడుకుల్ని, అల్లుణ్ణి తుమ్మకంపల్లోంచి తనే విడదీసి తెచ్చి పూడ్చిన మనిషి ఆమె. మిగిలింది కూతురు సువర్ణ ఒక్కతే. కడుపుతో ఉన్న ఆ పిల్ల తల్లి కొంగు పట్టుకుని వెనక నిలబడింది.

చేతులెత్తినవాళ్ళనే లారీ ఎక్కించాడు. కదిలే ముందు డ్రైవరుతో ఒక మాట అన్నాడు. మేము వింటామన్న జంకు కూడా అతనికి లేదు.

"బందరోళ్ళు ఆ కంపుకి నాలుగు రోజులు నిలవట్లేదు. వీళ్ళు కుళ్ళిన శవాల్ని మోసినోళ్ళు. వీళ్ళకి ఇదో లెక్కా."

ఫౌండ్రీ బందరు ఊరి చివర ఉండేది. యజమాని వెంకటపతి గారు, గుడివాడ వైపు పెద్ద ఆసామి. పొలాలకు నీళ్ళు తోడే ఇంజన్ల భాగాలు అక్కడ పోతపోసేవారు. పోతకు అచ్చు కావాలి. అచ్చుకు జిగురు పట్టించిన ఇసుక కావాలి. ఆ ఇసుక తయారు చెయ్యడం మా పని. మంగలంలో మరమరాలు వేపినట్టు ముందు ఇసుకను పెద్ద తొట్టిలో కాల్చాలి. అందులో డ్రమ్ములోని ఎర్రటి జిగురు పోసి, తెల్లపొడి కలిపిన నీళ్ళు చల్లి, పారలతో తిరగెయ్యాలి. నీళ్ళు పడగానే ఆవిరి గుప్పున మొహాన కొడుతుంది. కళ్ళల్లో కారం పోసినట్టుంటుంది. చల్లారాక ఇసుక మామూలుగానే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. మళ్ళీ వేడి తగిలిందా, బిగుసుకుని రాయి అవుతుంది.

మా వేళ్ళు పగిలాయి. రొమ్ములు పట్టేశాయి. వానలు మొదలయ్యేసరికి రాఘవమ్మకు వాసన తెలియడం పోయింది. ఒకప్పుడు చేపల బుట్ట దగ్గరికి రాగానే అది ఏ పూట పట్టిన చేపో చెప్పేది. ఇప్పుడు కుళ్ళింది ముక్కు దగ్గర పెట్టినా తెలియదు.

"మంచిదేలే పోలయ్య బావా," అంది నాతో. "ఉప్పెన కంపు కూడా పోయింది."

మద్రాసు నుంచి సరుకు కొనేవాళ్ళు వచ్చిన రోజున మాత్రం నరసింహం వేరే డ్రమ్ములు తెరిపించేవాడు. వాటి మీద పచ్చ చార ఉండేది. అదీ జిగురే. అదే ఇసుక, అంతే గట్టి అచ్చు. ఆవిరి మాత్రం లేచీ లేవనట్టుండేది. కళ్ళు మండేవి కావు. ఆ రోజు ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ పారలు తిప్పేవారు. వచ్చినవాళ్ళు కారెక్కగానే ఆ డ్రమ్ములకు మూత, గదికి తాళం.

అచ్చులు కాల్చే చోట నాగుల్ మీరా అని బందరు మనిషి పనిచేసేవాడు. ఆ జిగురు రోజూ ఎందుకు పొయ్యరని ఒకసారి నరసింహాన్ని అడిగాడు.

"నువ్వేమన్నా అల్లుడివేంట్రా, నీకు తీసి పెట్టడానికి?" అన్నాడు నరసింహం.

అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. అప్పటి నుంచి దానికి అల్లుడి జిగురు అన్న పేరు ఖాయమైంది.

షెడ్డు వెనక పనికిరాని ఇసుక గుట్టగా పోసేవారు. దాన్ని ఆనుకునే మా పాకలు. నాగుల్ మీరా భార్య మైమూనా ఇసుక జల్లించేది. ఒకరోజు ఆమె పాత డబ్బాలో చిన్న కుండ పెట్టి, చుట్టూ ఆ ఇసుక నింపి, కుండలో మంట వేసింది. ఇసుక రాయిలా బిగిసింది. పైన డబ్బా కోసేసి, లోపల కుండ పగలగొట్టి తీస్తే మంచి పొయ్యి. వానకు కరగదు. అది చూసి పాక పాకకూ చేసుకున్నారు. ఉప్పెన తర్వాత మా చేతికి దక్కిన మొదటి గట్టి వస్తువు అదే. అన్నం వండుతుంటే కళ్ళు మండేవి. ఎవరూ పట్టించుకోలేదు. మా కళ్ళు మండనిదెప్పుడు?

శ్రావణంలో ముసురు పట్టింది. సువర్ణ ఆడపిల్లను కన్నది. ఉప్పెనకు ముందు కడుపులో పడ్డ పిల్ల. మా ఊరు ఉన్న రోజుల నుంచి మాకు మిగిలి వచ్చింది ఆ పిల్ల ఒక్కతే. దివిసీమ వాళ్ళమంతా వానలో నిలబడి ఒకరి తర్వాత ఒకరం చూసి వచ్చాం. మైమూనా కొత్త కుంపటి చేసి, అంచు నున్నగా అరగదీసి తెచ్చి ఇచ్చింది.

బాలింతకు గాలి తగలకూడదు. రాఘవమ్మ తడికల సందులన్నీ గోనెపట్టాలు పెట్టి కుట్టేసింది. కుంపటిలో బొగ్గులు రాజేసి మంచం కిందికి నెట్టింది. తను తలుపు వారన కూర్చుంది. కళ్ళు నీళ్ళు కారాయి. రోజూ కారేవే. వాసన ఆమెకు తెలియదు. బొగ్గులు ఆరిపోకుండా మధ్య మధ్య లేచి విసిరింది.

తెల్లారి మేము తలుపు లాగేసరికి రాఘవమ్మ తూలుతూ ఉంది. సువర్ణకు స్పృహ లేదు. వానలో పడుకోబెడితే సువర్ణ ఊపిరి తీసుకుంది. పిల్ల తీసుకోలేదు. పూడ్చడానికి పార అక్కర్లేకపోయింది. చేతులతో తవ్వాం.

ఆ మధ్యాహ్నం నరసింహం మా పాకల్లోకి వచ్చాడు. దివిసీమ వాళ్ళను విడిగా పిలిచాడు. కుంపటి ఎవరి చేతి మీదుగా వచ్చిందో గుర్తు పెట్టుకోమన్నాడు. తురకలతో మనకు పొత్తేమిటని, మీరు ఊ అంటే వాళ్ళ పాకలు ఖాళీ చేయిస్తానని అన్నాడు. కొందరు తలలూపారు. మైమూనా పొద్దుటి నుంచి పాక దాటి బయటికి రాలేదు. రాఘవమ్మ లేచి ఆ పాకలోకి వెళ్ళి, ఆమెను చెయ్యి పట్టుకుని అందరి ముందుకు తెచ్చింది.

"కుంపటి ఈ పిల్ల ఇచ్చింది. ఇసక ఎవరిచ్చారు?"

నరసింహం చెప్పులు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇసుక గుట్ట దగ్గర మీటింగు పెట్టుకున్నాం. కబురు తెలిసి కాలేజీ విద్యార్థులు కొందరు వచ్చారు. వాళ్ళలో ఝాన్సీలక్ష్మి అనే అమ్మాయి జిగురు సంగతి మాకు అర్థమయ్యేట్టు చెప్పింది. కాల్చిన కొద్దీ అందులోంచి విషపు గాలి వస్తుందట. పచ్చ చార జిగురులో అది తక్కువ వచ్చేట్టు ముందే చేసి పంపుతారట, అందుకే ధర ఎక్కువట. అధికారులకు అర్జీ పెడదామంది. నాగుల్ మీరా ఒప్పుకోలేదు. అర్జీ పెడితే తనిఖీకి వస్తారు, ఆ రోజు అల్లుడి జిగురు తీస్తారు, అంతా బాగుందని రాసుకుపోతారు అన్నాడు. ఒకరు దివిసీమ వెళ్ళిపోదామన్నారు. అక్కడేముందని ఇంకొకరు తిట్టారు. మాట పెరిగి కొట్టుకునే దాకా వచ్చింది.

చివరికి రాఘవమ్మ ఒకటే చెప్పింది. అల్లుడి జిగురు రోజూ పొయ్యాలి. పోసేదాకా తొట్టి కింద మంట వెయ్యొద్దు.

మర్నాడు మంట వెయ్యలేదు. దివిసీమ వాళ్ళం, బందరు వాళ్ళం కలిసి ఆఫీసు గదికి వెళ్ళాం, పట్టినంతమందిమి లోపల నిలబడ్డాం. అంతకు ముందు ఒక కుండలో నీళ్ళు తాగినవాళ్ళం కాదు. మా ఇసుక ఆవిరి లోపలికి రాకుండా ఆ గదికి ఉన్న ఒక్క కిటికీనీ అద్దంతో మూసేసి ఉంచేవారు.

వెంకటపతి గారు మర్యాదగానే మాట్లాడారు.

"ఆ ఇసకలో ఏ దోషమూ లేదమ్మా. అది బొగ్గుల పొగ. మూసిన గదిలో కుంపటి పెట్టడం మీవాళ్ళకి అలవాటు. ఆ అలవాటు మానుకోవాలి."

"నా బిడ్డలందర్నీ కుంపటి పక్కనే కన్నానండి," అంది రాఘవమ్మ. "మట్టి కుంపటి. ఒక్కళ్ళూ పోలేదు. ఉప్పెన దాకా బతికారు."

పచ్చ చార డ్రమ్ములు రోజూ తెరవమని నాగుల్ మీరా అడిగాడు. దోషం లేనప్పుడు మార్చడమెందుకన్నారు వెంకటపతి గారు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పారు. పక్కన కూర్చున్న నరసింహానికి విసుగొచ్చింది.

"ఉప్పెనలో పోవాల్సిన పిల్ల, కాస్త ఆలస్యంగా పోయింది. దానికింత రాద్ధాంతమా?"

వెంకటపతి గారు అతన్ని వారించలేదు. కాగితాలు సర్దుకున్నారు.

సువర్ణ మంచం కింద పెట్టిన కుంపటి మైమూనా చేతుల్లో ఉంది. రాఘవమ్మ దాన్ని తీసుకుని టేబులు పక్కన నేల మీద పెట్టింది. నాగుల్ మీరా వెళ్ళి కొలిమి నుంచి పారతో నిప్పులు తెచ్చి పోశాడు. ఎందుకో వాళ్ళకు వెంటనే అర్థం కాలేదు.

"దోషం లేదన్నారు గదండీ," అంది రాఘవమ్మ. "బాలింత గది అనుకుని కూర్చోండి."

అందరం బయటికి వచ్చాం. తలుపు నేను వేశాను. గొళ్ళెం నేనే పెట్టాను. ఎవరో తలుపు కింద సందులో గోనె కుక్కారు.

ముందు తిట్లు వినిపించాయి. తర్వాత దగ్గు. కుర్చీ పడిన చప్పుడు. అద్దం మీద అరచేతులు కనిపించాయి. బయట ఎవరూ నినాదం ఇవ్వలేదు. నరసింహం మైమూనాను అమ్మా అని పిలిచి బతిమాలుతున్నాడు. మైమూనా గొళ్ళెం వైపు చూసింది. తర్వాత తల దించుకుని నా పక్కన వచ్చి నిలబడింది.

మాతో వచ్చిన ఝాన్సీలక్ష్మి రాఘవమ్మ చెయ్యి పట్టుకుంది. చచ్చిపోతారు, తలుపు తియ్యండి అంది.

"చావరమ్మా," అంది రాఘవమ్మ. "అరుస్తున్నారుగా. పిల్ల అరవలేదు."

గుమాస్తా ఎక్కడి నుంచో ఫోను చేసినట్టున్నాడు. పోలీసు వ్యాను వచ్చింది. ఎస్సై మమ్మల్ని నెట్టి గొళ్ళెం తీశాడు. పొగతో పాటు ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ బయటికి వచ్చారు. మెట్ల మీద కక్కుకున్నారు. ఎస్సై రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. వెంకటపతి గారు గోడ పట్టుకుని లేచి, మా వైపు చెయ్యి చూపించారు.

"విషం. ఆ ఇసక పొగ విషం. మమ్మల్ని చంపబోయారు. రాసుకోండి."

జనం కదల్లేదు. తొట్టి దగ్గరి ఆడవాళ్ళు, కొలిమి దగ్గరి మగవాళ్ళు, గేటు బయట నిలబడ్డ రిక్షావాళ్ళు, అందరూ విన్నారు.

"ఇంకోసారి చెప్పండి బాబుగారూ," అంది రాఘవమ్మ. "వెనకాల వాళ్ళకి వినపడలేదు."

ఎస్సై లాఠీ ఆమె నోటి మీద పడింది. రక్తంతో పాటు ఒక పన్ను ఉమ్మేసింది. మళ్ళీ అదే అడిగింది. మళ్ళీ కొట్టాడు.

రాఘవమ్మను, నాగుల్ మీరాను, నన్ను పట్టుకుపోయారు. హత్యాయత్నం కేసు. స్టేషన్లో నాగుల్ మీరా కుడిచెయ్యి విరగ్గొట్టారు. నిప్పులు తెచ్చింది ఏ చేత్తోనో అడిగి తెలుసుకుని మరీ విరిచారు.

పొద్దున కోర్టుకు తీసుకెళ్తుంటే ఫౌండ్రీ దగ్గర వ్యాను ఆగిపోయింది. రోడ్డు నిండా పొయ్యిలు, కుంపట్లు. పాకల్లో ఉన్నవన్నీ తెచ్చి, లోపలికి పోవాలంటే ఆ పొగలోంచే పోయేట్టు గేటుకు అడ్డంగా పేర్చారు. అన్నిటిలోనూ బొగ్గులు పోసి ఉన్నాయి, నిప్పు పెట్టలేదు. వాటి వెనక జనం కూర్చున్నారు. ముందు వరసలో సువర్ణ, చెవులు కప్పి తలకు గుడ్డ కట్టుకుని ఉంది. బాలింత మనిషి, గాలిలో కూర్చుంది. పక్కన మైమూనా అగ్గిపెట్టె పట్టుకుని ఉంది.

వాళ్ళ ముందు నరసింహం లారీ ఆగి ఉంది. కళ్ళు ఇంకా వాచే ఉన్నా, అతను తెల్లవారేసరికి దివిసీమ శిబిరాలకు వెళ్ళి కొత్తవాళ్ళను నింపుకొచ్చాడు. లారీలో వాళ్ళు మూటలు పట్టుకుని నిలబడ్డారు. నరసింహం హారను కొట్టిస్తున్నాడు.

సువర్ణ మైమూనా భుజం పట్టుకుని లేచింది. లారీ దగ్గరికి నడిచింది. తల ఎత్తి లోపలివాళ్ళను చూసింది.

"మీలో శవాలు మోసినవాళ్ళెవరు?"

ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ముందు ఒక చెయ్యి లేచింది. తర్వాత అన్నీ లేచాయి.

"ఇక్కడ నా కూతుర్ని కూడా మోశారు," అంది సువర్ణ. "దిగండి."

నరసింహం లారీ పోనివ్వమని అరిచాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. వ్యానులో నా పక్కన రాఘవమ్మ వాచిన నోటిని కిటికీ ఊచలకు ఆనించి చూస్తోంది. వాళ్ళు మూటలు కింద పడేసి, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు దిగారు. కుంపట్ల వెనక్కి వెళ్ళి కూర్చున్నారు.

మైమూనా అగ్గిపుల్ల గీసింది.