ఎక్ పెట్రీ మూడు ఆటలు

రోవర్స్ జట్టుకు ఎక్ పెట్రీ ఆడినవి ముచ్చటగా మూడు ఆటలు. ఆ జట్టు సొంత ఊరు, బొగ్గు గనుల ఆకెన్‌మోర్‌లో ఇప్పుడు అడిగితే సగం మందికి ఆ పేరే గుర్తురాదు. వాళ్ల ఖర్మ.

1951 చలికాలంలో అతనికి ఇరవై రెండేళ్లు. శనివారం పొద్దున తండ్రి ఆర్చీతో కలిసి బొగ్గు గనిలో ఒంటిపూట పని, మధ్యాహ్నం మూడింటికి ఫుట్‌బాల్. గోలు ముందు కాపలా కాసే వరుసలో అతని స్థానం. మేనేజరు లామండ్ సంతకం పెట్టించుకున్న రోజునే ఒక షరతు పెట్టాడు. ఆట ఉన్న రోజు పొద్దున గనిలో దిగకూడదు. ఎక్ బుద్ధిగా తలూపాడు. తలూపి, మొదటి రెండు ఆటల శనివారాలూ దిగాడు.

దిగక చస్తాడా? బొగ్గు గోడ దగ్గర పని జోడీలుగా సాగుతుంది. ఒకడు రాకపోతే రెండోవాణ్ణి ఆ పూటకు ఇంకొకరితో కలుపుతారు. ఆర్చీని ఎవరితో కలిపినా గుట్టు రట్టవుతుంది. బొగ్గు దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. నాలుగు పారలు ఎత్తేసరికి కూలబడి దగ్గుతాడు. రెండేళ్లుగా ఆయన వంతు కూడా కొడుకే ఎత్తుతున్నాడు. సంగతి తెలిస్తే ఆయన్ని పైకి పంపి, బొగ్గులోంచి రాళ్లేరే బల్ల దగ్గర నిలబెడతారు. అక్కడుండేది ఆడపిల్లలు, ముసలివాళ్లు, చేతులు విరిగినవాళ్లు. అంతకంటే చావే నయం అనుకునే మనిషి ఆర్చీ.

మొదటి ఆటలో విరామం దాటాక ఎక్ కాళ్లు బరువెక్కాయి. రెండో ఆటలో ఎదుటి జట్టువాడు అతన్ని ఎన్నిసార్లు దాటిపోయాడో జనం లెక్కపెట్టడం మానేశారు. తొందరపడకు ఎక్, ఇంకో బస్సు ఐదింటికి ఉందిలే అని ఎవడో అరిస్తే జనం నిలబడి చూసే గట్టు గట్టంతా నవ్వింది. ఆర్చీ ఆ గట్టు మీదే ఉన్నాడు. ఆట అయ్యాక లామండ్ ఆయన్ని పక్కకు పిలిచి, మీవాడికి కాళ్లలో సత్తువ లేదు, వచ్చే శనివారమే ఆఖరి అవకాశం అని చెప్పాడు. సత్తువ ఎక్కడికి పోతోందో ఆర్చీకి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆ శనివారం ఎక్ తెల్లారకుండా లేచేసరికి తండ్రి ఇంట్లో లేడు. తల్లి నెట్టీ పొయ్యి దగ్గర కూర్చునుంది.

"పోయి పడుకో. మీ నాన్న నిన్న మేస్త్రీ దగ్గరికి వెళ్లి తనే అడిగాడు. ఇవాళ్టి నుంచి రాళ్ల బల్ల దగ్గర పని. నిన్ను దిగనిస్తే నా తాట తీస్తానన్నాడు."

ఎక్ పడుకున్నాడు గానీ ఏడుపొచ్చింది. తర్వాత నిద్రా పట్టింది. పదింటికి లేచి రెండు గుడ్లు తిని, మైదానానికి వెళ్లాడు. కాళ్లు దూదిపింజల్లా తేలిగ్గా ఉన్నాయి. పుట్టాక అంత హాయిగా ఎప్పుడూ పరుగెత్తలేదు. అంత హాయిగా పరుగెత్తుతుండగానే ఎదుటివాళ్లు అతన్ని మునుపటిలాగే దాటిపోయారు. బంతి ఎటు వస్తుందో వాళ్లకు ముందే తెలుస్తోంది, ఇతనికి వచ్చాక తెలుస్తోంది. రోవర్స్ ఒకటికి నాలుగు గోల్స్‌తో ఓడింది. లామండ్ పెద్దమనిషి, మందలించలేదు. చెయ్యి కలిపి, జట్టు చొక్కా వెనక్కి తీసుకున్నాడు.

పని ముగించుకుని ఆట చూడ్డానికి వచ్చిన ఆర్చీ, ఎక్ కలిసి ఇంటిదారి పట్టారు. దారి ఎత్తు ఎక్కేచోట ఆర్చీ ఆగాడు.

"తప్పు నాదిరా. రెండేళ్లు నా బొగ్గు మోసి నీ కాళ్లు చచ్చిపోయాయి. ఒక్క పూట నిద్రతో తిరిగొస్తాయా?"

ఆ మాట ఎక్ భరించలేకపోయాడు. "లేదు నాయనా. ఇవాళ కాళ్లు బంగారంలా ఉన్నాయి. నాకు అంత ఆట రాదు, అంతే."

ఆర్చీ దగ్గి దగ్గి, ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఇంకోసారి అలా అన్నావంటే చెంప పగులుద్ది. సోమవారం మళ్లీ నేను ఆ బల్ల దగ్గర ఆడపిల్లల మధ్య నిలబడాలి. నా కొడుకు ఎంత మొనగాడో, వాణ్ణి నేనెలా పాడుచేశానో చెప్పుకుంటూ రాళ్లు ఏరుకుంటా. అది కూడా లేకుండా చేస్తావా?"

ఎక్ తండ్రి వీపు మీద చెయ్యి వేసి మెల్లగా నడిపించాడు.

"సరే నాయనా," అన్నాడు. "అంతా నీవల్లే."