ఎనభై రెండు కిలోలు

ఎముక విరిగితే ఎలా వినిపిస్తుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. తజ్రీష్ బజారులో ఇరవై రెండేళ్లుగా మాంసం కొడుతున్నవాణ్ణి. గొర్రె తొడది ఒక చప్పుడు, మెడది ఒక చప్పుడు, కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పగలను. మూడేళ్ల కిందట, నడి చలికాలంలో, బహ్మన్ నెలలో, షెమ్షక్ కొండ మీద, నా భార్య కాలు నా కింద పడి రెండు చోట్ల విరిగింది. ఆమె అరవకముందే ఆ చప్పుడు విన్నాను.

అప్పుడు నా బరువు నూట పద్నాలుగు కిలోలు. శుక్రవారం వస్తే చాలు, స్కీలు కారు మీద కట్టుకుని ఇద్దరం కొండకి పోయేవాళ్లం. పెళ్లికి ముందు మేము కలుసుకున్నదే ఆ కొండ పైకి తీసుకెళ్లే లిఫ్టు వరసలో. ఆ రోజు పైనుంచి దిగుతున్నాను, మంచు రాయిలా గట్టిపడి ఉంది. తిరగాల్సిన చోట మోకాళ్లు మొండికేశాయి. ఫరంగీస్ కింద నిలబడి నా కోసం చూస్తోంది, చెయ్యి కూడా ఊపింది. గుద్ది, కింద పడేసి, నలభై అడుగులు ఈడ్చుకుపోయాను. ఆగాక చూస్తే ఆమె పాదం వెనకవైపుకి తిరిగి ఉంది. నేను వాంతి చేసుకున్నాను.

ఆస్పత్రి వరండాలోకి ఆమె తమ్ముడు కామ్యార్ వచ్చాడు. ఎలా జరిగిందని అడగలేదు. వచ్చీ రాగానే నోటి మీద గుద్దాడు. ముందు పన్ను ఊడి నాలుక మీద పడింది.

"అది మా అక్కరా! నీ కొట్లో గొర్రె కాదు!" అని అరిచాడు.

"ఇంకా కొట్టు," అన్నాను.

కొట్టాడు. కింద పడ్డాక తన్నాడు. నర్సులు వచ్చి లాగేసరికి రెండు పక్కటెముకలు పోయాయి. నేను చెయ్యి ఎత్తలేదు. ఎత్తడానికి మొహం ఉండాలి కదా.

ఫరంగీస్ కాల్లో ఇనప కడ్డీ వేశారు, ఎనిమిది మరలు బిగించారు. పదో రోజున మంచం మీద నుంచి నన్ను దగ్గరికి పిలిచింది.

"కొండకి పోవడం నేను మానను. నీతోనే పోతాను. కానీ నువ్వు ఎనభై ఐదు కిలోలు దాటి ఉండకూడదు. తగ్గి ఊరుకోవడం కాదు, తగ్గినచోటే ఉండాలి. పెరిగావో, పెరిగి దాచావో, తమ్ముడింటికి పోతాను. మళ్లీ నీ గడప తొక్కను."

"సరే."

"ఇంకో మాట. ఈసారి నా మీదికొస్తే స్కీ కర్రతో పొడుస్తాను."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ ఏడాది నన్ను నేను చావగొట్టుకున్నాను. అన్నం మానేశాను, రొట్టె మానేశాను. తెల్లారేసరికి తోచాల్ కొండ దారిలో ఉండేవాణ్ణి, సగం కొండ ఎక్కి దిగివచ్చి కొట్టు తెరిచేవాణ్ణి. స్కీకి తొడల బలం కావాలని గొర్రెని భుజాన వేసుకుని గుంజీళ్లు తీసేవాణ్ణి. చూసినవాళ్లు పిచ్చి పట్టిందన్నారు. ఆకలి నన్ను కుక్కని చేసింది. ఫషమ్ దారిలో ఒకడు వెనక నుంచి హారన్ కొట్టాడని కారు దిగి వాడి అద్దంలోంచే చొక్కా పట్టుకుని లాగి, తల కారు తలుపుకేసి కొట్టాను. ఇంకో రోజు ఇంట్లో అన్నం అడుగున మాడిన పెళుసు, అదే మా తహ్‌దిగ్, దాని వాసన ముక్కుకి తగిలింది. గిన్నె తీసి గోడకేసి విసిరాను. ఫరంగీస్ చంకలో కర్ర పెట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, ఆ మెతుకులన్నీ ఊడ్చింది. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

బరువు చూసుకునేది కొట్లోనే. పూర్తి గొర్రెని వేలాడదీసి తూచే కొక్కెం ఉంది, పైన పెద్ద గడియారంలాంటి ముల్లు. రెండు చేతులా కొక్కెం పట్టుకుని కాళ్లు మడిచి వేలాడేవాణ్ణి. నా తూకం గురించి బజారులో ఎవరినైనా అడగండి. హష్మత్ కొట్లో ముల్లు అబద్ధమాడదు అంటారు. మా నాన్న నాకు ఇచ్చిపోయింది ఆ పేరొక్కటే.

మళ్లీ బహ్మన్ వచ్చేసరికి నూట పద్నాలుగు ఎనభై రెండయింది. ఆ రోజు ఫరంగీస్ కుంటుకుంటూ కొట్టుకి వచ్చింది. నేను వేలాడాను, ఆమె మెడ ఎత్తి ముల్లు చూసింది. చూస్తూ చూస్తూ ఏడ్చేసింది. జనం ముందే నా చెయ్యి పట్టుకుని, "ఇక నేను చూడనక్కర్లేదు. నీ మాట చాలు," అంది.

ఆ చలికాలం చివర నాలుగు శుక్రవారాలు ఒక్కణ్ణే స్కీ చేశాను. డాక్టర్ ఆమెకి ఇంకో ఏడాది ఆగమన్నాడు. ఆ నాలుగు రోజులూ నా ఒళ్లు నేను చెప్పినట్టు విన్నది. తిరగమంటే తిరిగింది, ఆగమంటే ఆగింది. అంత ఆనందం నా జీవితంలో ఎరగను. అక్కడితో గెలిచేశాననుకున్నాను. గాడిదని.

తరవాత నౌరూజ్, మా కొత్త సంవత్సరం పండగ, వచ్చింది. పదమూడు రోజులు ఇంటింటికీ తిరగాలి. ప్రతి ఇంట్లో పళ్లెం ముందుకొస్తుంది. వద్దంటే, 'మా చెయ్యి ఉప్పు లేనిదా, మా మర్యాద నీకు ఆనదా' అని మొహం ముడుచుకుంటారు. మూడుసార్లు వద్దనాలి, నాలుగోసారి తినాలి. నేను మొదటిసారికే తిన్నాను. ఏడాదిపాటు కడుపు మాడ్చుకున్నవాణ్ణి, ఒక్కసారి తలుపు తీస్తే మూయడం నా తరం కాలేదు. వేసవిలో కొండా లేదు, మంచూ లేదు. పొద్దున్నే బొగ్గుల మీద కాలేయం కాల్చి, మా గొర్రెలకి కొవ్వంతా చేరే ఆ లావు తోక ముక్క పెట్టి తినే అలవాటు మళ్లీ వచ్చింది.

శనివారం పొద్దున టీ పోస్తూ ఫరంగీస్ అడిగేది.

"ఎంతున్నావు?"

"ఎనభై రెండు."

ఎనభై తొమ్మిది కిలోలున్నప్పుడూ అదే మాట, తొంభై మూడున్నప్పుడూ అదే మాట. వచ్చే వారం తగ్గి చెబుదాంలే అనుకునేవాణ్ణి. ఆ తరవాత కొక్కెం జోలికి పోవడం మానేశాను.

చలి మొదలయ్యే ఆబాన్ నెలలో పాత బేరం ఒకాయన, తమాషా మనిషి, మాంసం కొట్టే మొద్దు మీద చెయ్యి పెట్టి నవ్వాడు. "హష్మత్, తోక కోయించుకున్న గొర్రెకి మళ్లీ తోక మొలిచిందే!"

కత్తి ఎత్తి దించాను. ఆయన వేళ్లకి అంగుళం పక్కన మొద్దులో సగం దాకా దిగింది. ఆయన చెయ్యి లాక్కున్నాడు. మాంసం వదిలేసి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆయన చేసిన తప్పల్లా నిజం చెప్పడం. ఆ రోజు తలుపు వేసుకుని కొక్కేనికి వేలాడితే ముల్లు తొంభై ఎనిమిది దగ్గర ఆగింది.

మంచు పడే దేయ్ నెలలో, ఫరంగీస్ స్కీ చెయ్యడానికి డాక్టర్ సరే అన్నాడు. ఆ నెల రెండో శుక్రవారం ముగ్గురం కలిసి వెళ్లాం, కామ్యార్ వెనక సీట్లో. నాతో మాట్లాడటం మొదలుపెట్టి అప్పటికి నెల కూడా కాలేదు.

"బావా, మా అక్క ముందు దిగుతుంది. నువ్వు వందడుగులు వెనక. తెలిసిందా?"

"తెలిసిందిరా."

"తెలిస్తే సరే. పళ్లు ఇంకా ఉన్నాయిగా నీకు."

షెమ్షక్‌లో స్కీలు సరిచేసే నౌజర్ కొట్లో ఆగాం. బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు ఉంటుంది. దాని మర మనిషి బరువుని బట్టి తిప్పుతారు. బరువైనవాడికి బిగువు, తేలికైనవాడికి వదులు. బిగువైతే పడ్డప్పుడు స్కీ ఊడక కాలు మెలితిరుగుతుంది. వదులైతే గట్టిగా తిరిగినప్పుడు స్కీ ఊడి పారేస్తుంది. ఈ సంగతి నాకూ తెలుసు, ఫరంగీస్‌కీ తెలుసు, ఆ ఊళ్లో పాలుతాగే పిల్లలకీ తెలుసు.

"హష్మత్ గారూ, బరువెంత రాయమంటారు?" అన్నాడు నౌజర్.

మూలన కోట్ల కింద తూకం యంత్రం ఉంది. నేను అటు చూశాను. ఫరంగీస్ నా పక్కనే నిలబడి నన్ను చూస్తోంది. రెండేళ్ల తరవాత స్కీ బూట్లు వేసుకుంది. ఎంత అందంగా ఉందని!

"కావాలంటే తూచు," అన్నాను. అలా అంటే ఏమంటాడో నాకు తెలుసు కనకే అన్నాను.

"అయ్యో, ఎంత మాట! మీలాంటి పెద్దమనిషిని యంత్రం ఎక్కిస్తానా? నా కళ్లు పోతాయి. మీరు చెప్పండి, అదే తూకం."

"ఎనభై రెండు."

"ఎనభై రెండా? నేను డెబ్బై తొమ్మిది అనుకున్నాను. కోటు లావుది వేసుకొచ్చారు," అని నవ్వుతూ మర తిప్పాడు.

ఆ మర చప్పుడు కూడా విన్నాను. అప్పుడైనా నోరు తెరవాల్సింది. ఫరంగీస్ ఇంకా నన్నే చూస్తోంది. తన కర్రలు తీసుకుని బయటికి నడిచింది.

లిఫ్టులో ఇద్దరం ముందు పైకి పోయాం. ఆమె ముందు దిగింది, భయం భయంగా, చిన్న చిన్న మలుపులు. సగంలో ఒక పక్కగా ఆగి వెనక్కి తిరిగి నా కోసం చూసింది. కామ్యార్ ఇంకా కింద లిఫ్టు వరసలోనే ఉన్నాడు. నేను బయల్దేరాను. వందడుగులు ఎడం ఉంది. మొదటి మలుపు బాగానే తిరిగాను, రెండోదీ తిరిగాను. మూడో మలుపులో మంచు గుట్ట మీద బరువంతా కుడికాలి మీద వేశాను, స్కీ ఊడిపోయింది.

ముఖం మీద పడ్డాను. లేవబోతే రెండోదీ ఊడింది. మంచు గాజులా ఉంది, వీపు మీద తల కిందుగా జారుతున్నాను. గోళ్లు గుచ్చాను, మడమలు గుచ్చాను, ఏదీ ఆపలేదు. మెడ తిప్పి చూస్తే సరిగ్గా ఫరంగీస్ వైపే పోతున్నాను.

"తప్పుకో!" అని అరిచాను.

ఆ కాలితో ఎక్కడికి తప్పుకుంటుంది? ఆమె కదల్లేదు. రెండు చేతులా కర్ర పట్టుకుని మొన నా వైపు తిప్పింది. కళ్లలో బెదురు లేదు. దూడని కోసేటప్పుడు మా నాన్న అలా చూసేవాడు.

కర్ర మొన నా ఎడమ చెంపలో దిగింది. చెంప చీల్చుకుని, రెండు దవడ పళ్లు విరగ్గొట్టి, నోట్లోకి వచ్చింది. ఆ పోటుకి నా తల ఒక పక్కకి తిరిగింది, తలతోపాటు ఒళ్లూ తిరిగింది. ఆమె బూటుని రాసుకుంటూ పక్కనుంచి పోయి లిఫ్టు స్తంభానికి గుద్దుకున్నాను. భుజం దగ్గర చప్పుడైంది. ఈసారి విన్నది నా ఎముకే.

మంచు మీద ఎంత రక్తం! కొట్లో నేల కడిగినప్పుడు కూడా అంత ఎర్రగా పారదు. కామ్యార్ కింది నుంచి పరుగెత్తుకొచ్చి నా ఛాతీ మీద మోకాలు పెట్టి కూర్చున్నాడు, పిడికిలి ఎత్తాడు. నా ముఖం చూసి దించాడు.

"వదిలేయ్," అంది ఫరంగీస్. "నేను కొట్టేశాను."

కొండ కింద వైద్యశాలలో బల్ల మీద పడుకోబెట్టారు. చెంప కుట్టాలి, భుజం సరిచెయ్యాలి. డాక్టర్ కుర్రాడు మత్తు సూది చేతిలో పట్టుకుని వంగాడు.

"బరువెంత?"

నోటి నిండా రక్తం. ఫరంగీస్ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నేను ఆలోచించలేదు, దేవుడి మీద ఒట్టు. నోరే పలికింది.

"ఎనభై రెండు."

కామ్యార్ తల పట్టుకున్నాడు. ఫరంగీస్ మెల్లగా వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"వంద రాసుకోండి డాక్టర్ గారూ. ఒకటి రెండు అటూ ఇటూ ఉంటుంది." తరవాత నా వైపు తిరిగింది. "వేసవి పోయి మెహర్ నెల వచ్చిన దగ్గర్నుంచి నీ ప్యాంట్ల నడుములు విప్పి వదులు చేస్తున్నది ఎవరనుకున్నావయ్యా? దయ్యాలా, జిన్నులా?"

"తెలిసి ఎందుకొచ్చావు?" అన్నాను. మాటతోపాటు రక్తం వచ్చింది.

"నౌజర్ అడిగినప్పుడు చెబుతావనుకున్నాను. చెబితే నీ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయేదాన్ని, మళ్లీ తగ్గేవాడివి. చెప్పలేదు. అందుకే కర్ర గట్టిగా పట్టుకున్నాను."

చేతి తొడుగులు తీసుకుని బయటికి నడిచింది. మెట్ల మీద ఆమె కుంటి అడుగు వినిపిస్తూనే ఉంది, సూది పని చేసేదాకా. నేను ఇంటికి వచ్చేసరికి బీరువాలో ఆమె బట్టలు లేవు.

ఏడాదయింది. మళ్లీ తోచాల్ ఎక్కుతున్నాను. నౌరూజ్‌కి ఎవరింటికీ పోలేదు, కోపాలొస్తే రానీ అనుకున్నాను. ఈ బహ్మన్ మొదటి వారంలో కొక్కేనికి వేలాడి చూస్తే ముల్లు ఎనభై రెండు మీద నిలబడింది. కిందికి దిగి, మళ్లీ వేలాడి చూశాను. ఎనభై రెండే. పసివాడిలా ఏడ్చాను.

కామ్యార్‌కి కబురు చేశాను. మీ అక్కకి చెప్పు, నిజంగా ఎనభై రెండు, ఒక్క గ్రాము ఎక్కువ లేదని. నాలుగో రోజు కొట్టుకి వచ్చాడు. బావా అనలేదు. గడప బయటే నిలబడ్డాడు.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమంది?"

"తూచింది ఎవరని అడిగింది."