మామగారి గాలి

మా అత్తగారు బున్రుయాన్ తన గదిలోని ఏసీ మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. దాని నెత్తిన మా మామగారి అస్థికల భరిణె ఉంటుంది. పెద్దవాళ్ళని మన తలకంటే కిందగా పెట్టకూడదు కదా, థాయ్ ఊరు నొంతబురిలోని మా రెండు గదుల ఇంట్లో అన్నిటికంటే ఎత్తైన చోటు ఆ ఏసీయే. మామగారి తాలూకు ఆవిడకి మిగిలింది ఆ గుప్పెడు బూడిదే.

ఆ ఏసీ చల్లబరచడం ఎప్పుడో మానేసింది. పైగా మంచం మీద బొట్టుబొట్టుగా కారేది. అత్తగారు తలాపున బేసిన్ పెట్టుకుని పడుకునేదే గానీ మెకానిక్‌ని పిలవనిచ్చేది కాదు. ఎప్పుడడిగినా "వచ్చే నెల చూద్దాంలే" అనేది. పిసినారితనం కాకపోతే ఏమిటిది అని లోపల్లోపల తిట్టుకునేదాన్ని. ఏప్రిల్ ఎండలకి నా ఓపిక నశించింది. ఆదివారం ఆవిడ వాట్‌లో, అంటే మా బౌద్ధ గుడిలో, భిక్షువులకి భోజనం ఇవ్వడానికి వెళ్ళగానే మెకానిక్ మనోప్‌కి ఫోన్ చేశాను.

భరిణెని ముట్టుకోవడానికి మనోప్ జంకాడు. నేనే దండం పెట్టి, మామగారూ కాస్త పక్కకి జరగండి అని చెప్పుకుని, దింపి బీరువా మీద పెట్టాను. బరువే లేదు. బూడిదకేం బరువుంటుందిలే అనుకున్నాను.

మనోప్ మెయిన్ కట్టేసి మూత ఊడదీశాడు. లోపలి జల్లెడ ఒక పక్క చిరిగిపోయి ఉంది. దాని వెనక కాయిల్ రెక్కలు కనబడకుండా బూడిదరంగు మడ్డి పేరుకుపోయింది.

"దీన్నెప్పుడైనా కడిగారా అక్కా, పూజలతోనే సరిపెడుతున్నారా?"

"నోరు మూసుకుని పని చూడు. అత్తయ్య వచ్చేలోపు అయిపోవాలి."

ఏసీ చుట్టూ ప్లాస్టిక్ పట్టా కట్టి, దాని మూతి బకెట్లో పెట్టి, పంపుతో నీళ్ళు కొట్టాడు. "మామూలుగా నల్లగా వస్తాయి, ఇవేంటి, పిండి కలిపినట్టు ఇలా ఉన్నాయి?" అంటూనే మొదటి బకెట్ తీసుకెళ్ళి బాత్రూంలో గుమ్మరించి వచ్చాడు. నీళ్ళు పోయే గొట్టంలో ఏదో అడ్డం పడి ఉంటే వేలితో లాగాడు. అరచేతిలోకి తెల్లటి ముక్కలు కొన్ని వచ్చాయి.

"బల్లి ఎముకలక్కా. పాపం, ఇక్కడే చచ్చింది." ఇంకోసారి వేలు పెట్టాడు. ఈసారి ఎండి నల్లబడిన మల్లెమొగ్గలు వచ్చాయి. "ఈ బల్లి పూలు పెట్టుకుని మరీ చచ్చిందే!"

అతను నవ్వుతున్నాడు. దహనం మర్నాడు అస్థికల మీద పన్నీరు చల్లి, భరిణెలో మల్లెమొగ్గలు వేసింది నేనే. ఒక్క అంగలో బీరువా దగ్గరికి వెళ్ళి మూత తీశాను. లోపల ఏమీ లేదు.

"ఏం చేశావురా నువ్వు? మా మామగారేరి?"

"నేను ముట్టుకోలేదక్కా! దింపింది మీరే కదా!" అని చేతిలోకి చూసుకున్నాడు. ముఖం పాలిపోయింది. "అంటే ఇవి... మరి ఆ మొదటి బకెట్..."

ఇద్దరం ఒకేసారి బాత్రూం వైపు చూశాం. మనోప్ అక్కడే మోకాళ్ళ మీద కూలబడి ఆ తలుపుకి చేతులెత్తి మొక్కాడు. ఇంకో రోజైతే పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. అప్పుడు నేనూ భరిణె పట్టుకునే అటు తల వంచాను.

అదే సమయానికి అత్తగారు ఖాళీ క్యారేజీతో గుమ్మంలోకి వచ్చింది. ఊడదీసిన ఏసీని చూసింది, బకెట్ చూసింది, నా చేతిలో మూత లేని భరిణెని చూసింది.

"అత్తయ్యా, దీంట్లో ఏమీ లేదు. ఎలా పోయిందో..."

"నాకు తెలుసు."

నేను విన్నది నిజమేనా అనిపించింది. ఆవిడ మెల్లగా మంచం మీద కూర్చుంది.

"ఆమధ్య భూమి ఊగినప్పుడు ఒరిగిపోయింది. నేను లేచి చూసేసరికి మూత కిందపడి ఉంది, ఆయన్ని ఏసీ లోపలికి లాగేసుకుంటోంది. ఆపేద్దామని రిమోట్ తీశాను. ఇంతలో గాలి నా ముఖానికి తగిలింది, ఆయనే తాకినట్టు. ఆపలేకపోయానే."

"అంటే ఇన్నాళ్ళూ ఈ గదిలో మనం..."

"పీల్చాం. అయితే ఏం? బయటివాడా? మీ మామగారేగా."

నా కొడుకు మధ్యాహ్నాలు ఆ ఏసీ కిందే పడుకునేవాడు. నేనూ పడుకున్నాను. కానీ అత్తగారి ముఖం చూశాక భరిణెకి మూత పెట్టి ఆవిడ పక్కన ఉంచాను. కడగనివ్వనిది ఇందుకు! నేనేమో పిసినారి అనుకున్నాను. తిట్టినా బాగుండేది, ఆవిడ తిట్టలేదు.

"లోపల ఆయన ఇంకేమైనా మిగిలి ఉన్నారా బాబూ?" అని మనోప్‌ని అడిగింది.

"ఫ్యాన్ రెక్కల్లో ఉన్నారు మామ్మా. దాన్నింకా కడగలేదు. మీరు ఊఁ అంటే ఇలాగే మూసేసి వెళ్ళిపోతా. డబ్బులు కూడా వద్దు."

ఆవిడ ఆ ఫ్యాన్ వైపు చూసింది. తర్వాత లేచి వంటింట్లోంచి చిన్న గిన్నెతో నీళ్ళు తెచ్చింది.

"కరోనా అని సంచిలో చుట్టి పట్టుకుపోయారు. పోయినవాళ్ళ చేతి మీద నీళ్ళు పోసి, మన్నించమని అడిగి సాగనంపాలి, అది కూడా చెయ్యనివ్వలేదు నన్ను. స్టూలు పట్టుకో అమ్మాయ్."

స్టూలు ఎక్కింది. నేను నడుము పట్టుకున్నాను. ఫ్యాన్ రెక్కల మీద కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తూ, "నావల్ల ఏమైనా తప్పు జరిగుంటే మన్నించండి" అంది. గిన్నె నాకిచ్చింది. నేనూ పోశాను. మనోప్ చెయ్యి చాచి, "నాకూ ఇవ్వండి మామ్మా, ఇక్కడ అందరికంటే ఎక్కువ మన్నింపు కావలసింది నాకే" అన్నాడు. అతనూ పోశాడు.

బకెట్లో చేరిన ఆ బూడిద నీళ్ళకి మూతపెట్టి, సాయంత్రం పడవెక్కి నదిలో కలుపుదామని పక్కన పెట్టాం. మనోప్ అన్నీ బిగించి మెయిన్ వేశాడు. కాసేపటికి చల్లటి గాలి జోరుగా కొట్టింది. అత్తగారు ఏసీ కింద నిలబడి కళ్ళు మూసుకుని ముఖం పైకెత్తింది. ఆసుపత్రి నుంచి కబురొచ్చిన రోజు కూడా ఆవిడ కంట నీరు చూడలేదు నేను.

"వట్టి గాలే అమ్మాయ్" అంది. నా భుజం పట్టుకుంది. "పోయారే, నిజంగానే పోయారే!" అని భోరుమంది.